గోడ మీద కొడుకు

తెనాలి మొదలుకొని ఖమ్మం దాకా, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఏ ఇంటికైనా వెళ్లి హాల్లో ఓసారి తలెత్తి చూడండి. వెంకటేశ్వరస్వామి పటానికీ ట్యూబులైటుకీ మధ్య తెల్లటి గుండు ఒకటి మీ వైపు మెల్లగా మెడ తిప్పుతుంది. కంగారు పడకండి. అది ఆ ఇంటి అబ్బాయి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కాఫీ తాగుతూ, ఇక్కడ గుమ్మంలో చెప్పులు విప్పిందెవరో చూసుకుంటున్నాడు.

"ఎవరమ్మా వచ్చింది?" అంటుంది గోడ.

"ఎవరూ కాదు నాన్నా, పాలబ్బాయి," అంటుంది వాళ్లమ్మ, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"మరి హాల్లోకి ఎందుకొచ్చాడు?"

పదేళ్లుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి గిన్నెలో పాలు పోసి, మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగి వెళ్లే మనిషి అతను. ఆ మాట విన్న మర్నాటి నుంచి గేటు బయటే గంట కొట్టి నిలబడుతున్నాడు. మోకాళ్ల నొప్పి ఉన్నావిడే గేటు దాకా నడిచి వెళ్తోంది. రక్షణ మొదలైంది.

ఈ వస్తువుని సెక్యూరిటీ కెమెరా అని అమ్ముతారు. పదిహేను వందలకి మొదలవుతుంది, పండగ సేల్లో ఇంకా దిగుతుంది. డబ్బా మీద పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఒక కుటుంబం, పక్కన బొచ్చుకుక్క. 360 డిగ్రీల చూపు, చీకట్లో చూపు, అటూ ఇటూ మాట్లాడుకునే సౌకర్యం, మీ ఆత్మీయులకు నిరంతర రక్షణ. సరిహద్దులో సైన్యాన్ని పెట్టుకున్న రక్షణశాఖ కూడా ఇంత ధీమాగా మాట్లాడదు.

ఆ రక్షణ ఎలా జరుగుతుందో చూద్దాం. కరెంటు పోతుంది. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది, సీరియల్ కూడా ఆగదు. రౌటరు ప్లగ్గు మాత్రం ఇన్వర్టరు లైన్లో ఉండదు. కాబట్టి ఆ పూటకి ఇంటి భద్రత లైన్‌మన్ చేతిలో ఉంటుంది. సరే, కరెంటు ఉంది, దొంగే వచ్చాడనుకుందాం. మంకీ క్యాప్ లాక్కుని వచ్చినవాడి బొమ్మ మహా స్పష్టంగా పడుతుంది. తెల్లారాక స్టేషనుకి వెళ్లి క్యాపు రంగు చెప్పొచ్చు. ఆ రికార్డు ఉండేదెక్కడ? నెలనెలా డబ్బు కడితే కంపెనీ సర్వర్లో, కట్టకపోతే కెమెరా పొట్టలోనే ఉన్న మెమరీ కార్డులో. మనవాళ్లు కట్టరు. దొంగ పోతూ పోతూ కెమెరాని కూడా సంచిలో వేసుకున్నాడంటే తన సినిమా రీలు తనే పట్టుకెళ్లినట్టు.

నిజం చెప్పాలంటే ఆ కెమెరా రాత్రంతా పట్టుకునేది దొంగల్ని కాదు, బల్లుల్ని. ట్యూబులైటు పక్కన బల్లి కదిలిందా, పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఫోను టింగుమంటుంది: కదలిక గుర్తించబడింది. దండెం మీద పంచె గాలికి ఊగితే ఇంకో టింగు: మనిషి గుర్తించబడ్డాడు. కృత్రిమ మేధ అంటే ఇదేనట. వారం రోజులు బల్లినీ పంచెనీ భయంభయంగా చూశాక అబ్బాయి అలర్టులు ఆపేస్తాడు. కెమెరా ఆపడు. అలర్టులు ఆపేశాక దొంగ కోసం ఇరవై నాలుగు గంటలూ చూడటం ఎవరివల్ల అవుతుంది? అప్పుడు మిగిలేది అమ్మానాన్నల్ని చూడటమే.

"అమ్మా, ఏసీ ఎందుకు ఆపేశారు? బిల్లు నేను కడతానన్నాగా."

"నాన్నా, ఆ ప్లేట్లో ఏంటది?"

ఈ రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఆ ప్లేట్లో జిలేబీ ఉంది. పెద్దాయనకి షుగరు. ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టరుగా పనిచేసిన మనిషి, ఊళ్లో మూడు తరాల చేత నిలబెట్టి ఎక్కాలు చెప్పించినవాడు, డెబ్బై నాలుగేళ్ల వయసులో ప్లేటు వీపు వెనక దాచుకుని గోడకి జవాబు చెబుతున్నాడు. ఇప్పుడాయన ఆరితేరాడు. కెమెరా చూపు సోఫా చివరిదాకా వస్తుందనీ, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తీస్తే వెనక ఒక మనిషి నిలబడేంత నీడ దొరుకుతుందనీ ఆయన కనిపెట్టేశాడు. జిలేబీ అక్కడే నడుస్తోంది. కొడుకు ఫోనులో మాత్రం నాన్న రోజుకి నాలుగుసార్లు చల్లటి నీళ్లు తాగుతున్నట్టు కనిపిస్తుంది.

ఆవిడ సంగతి వేరు. కెమెరా పెట్టిన మొదటి వారంలోనే ఆవిడ సంసారం వంటింట్లోకి మకాం మార్చింది. తల దువ్వుకోవడం అక్కడ, చెల్లెలితో కోడలి గురించి ఫోన్లో చెప్పుకోవడం అక్కడ, మధ్యాహ్నం నడుం వాల్చడం కూడా గ్యాస్ సిలిండరు పక్కన చాప వేసుకుని. హాలు ఇప్పుడు అచ్చంగా వచ్చేపోయేవాళ్లు కూర్చునే ఆఫీసు గది. ఎంతో ముచ్చటపడి కట్టుకున్న ఇంట్లో ఆ దంపతులు వాడుకునే భాగం బాగా తగ్గింది. అయినా అడిగితే, "వాడి బెంగ వాడిది, పోనీలెండి," అంటారు. పెద్దవాళ్ల అంగీకారం అంటే మన దేశంలో అంతే. ఆ కెమెరా పెట్టడానికి వచ్చిన కుర్రాడు కూడా ఎక్కడ మేకు కొట్టాలని వీడియో కాల్లో అబ్బాయిని అడిగాడు గానీ, ఆ గోడ కింద కూర్చోబోయేవాళ్లని అడగలేదు.

ఆ కుర్రాడి గురించి ఇంకో మాట. అంకుల్‌కి ఓటీపీలు అర్థం కావు, అబ్బాయికి అక్కడ అర్ధరాత్రి. కాబట్టి కుర్రాడు తన ఫోన్లో, తన మెయిల్ ఐడీతో కెమెరాని రిజిస్టర్ చేసి, అబ్బాయికి 'షేర్' చేసి, ఐదొందలు పుచ్చుకుని పోయాడు. అంటే ఆ ఇంటి హాలుకి అసలు యజమాని అతను. అబ్బాయి అద్దెకున్నాడు. చిన్న ఊళ్లలో ఇలా ఎన్ని హాళ్లకి ఆ ఒక్క కుర్రాడు యజమానో ఎవరూ లెక్క తీయలేదు. పాపం మంచివాడే కావచ్చు. మనం పాలబ్బాయికి ఇవ్వని నమ్మకాన్ని ఇతనికి ఏ ప్రాతిపదిక మీద ఇచ్చామన్నదే నా సందేహం.

"మా ఇంట్లో చూడటానికి ఏముందండీ, ముసలి ప్రాణాలు రెండు!" అని నవ్వేవాళ్లున్నారు. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి వాళ్లు కూడా తమ కెమెరాలు భద్రత కోసమే అనుకున్నారు. 2025 ఫిబ్రవరిలో తెలిసిందేమిటంటే, పరీక్ష గదుల్లో డాక్టరు ముందు పడుకున్న ఆడవాళ్ల వీడియోలు యూట్యూబులో మచ్చుకి, టెలిగ్రాములో ధరకి అమ్ముడవుతున్నాయి. పోలీసులు తవ్వితే దేశమంతటా వేల కెమెరాలు బయటపడ్డాయి, ఇళ్లవి కూడా. అంత పెద్ద కోట తలుపుకి వేసిన తాళం వార్తల్లో వచ్చింది: admin123 అన్న పాస్‌వర్డు. తెలుగులో రాయాలంటే అడ్మిన్ ఒకటి రెండు మూడు. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన మాటని ఎవరూ మార్చలేదు. కొత్త ఇంట్లో మంచి ముహూర్తం లేకుండా పాలు కూడా పొంగించని జాతి మనది. కెమెరాకి మాత్రం డబ్బా మీద ఏముంటే అదే శాసనం.

అక్షరాస్యత తక్కువై ఇలా జరిగిందనుకోవడానికి కూడా వీల్లేదు. ఇంటర్నెట్‌కి పేరుమోసిన దక్షిణ కొరియాలో 2025 నవంబరు చివర పోలీసులు నలుగురిని పట్టుకున్నట్టు ప్రకటించారు. ఆ నలుగురూ కలిసి కాదు, ఎవరికి వారే దూరిన కెమెరాలు మొత్తం 1,20,000కి పైగా. ఇళ్లు, వ్యాయామశాలలు, ఒక స్త్రీల వైద్యశాల. వాళ్లలో ఇద్దరు ఆ వీడియోలు బూతు సైటుకి అమ్మారు. అక్కడ కూడా తాళాలు ఇలాంటివే: ఒకే అక్షరం పదేపదే, లేకపోతే వరుస అంకెలు.

దొంగచాటుగా దూరేవాళ్ల మాట అటుంచి, దర్జాగా లోపలే కూర్చుని చూసేవాళ్లున్నారు. అమెజాన్ చేతిలోని రింగ్ అనే కెమెరాల కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెట్టింది. ఆ కంపెనీ ఉద్యోగి ఒకతను నెలల తరబడి ఆడవాళ్ల పడగ్గదుల, స్నానాల గదుల వీడియోలు వేలల్లో చూశాడన్నది అందులో ఒక ఆరోపణ. 58 లక్షల డాలర్లతో వ్యవహారం సర్దుబాటయింది. అదే కంపెనీ కెమెరాని 2019లో మిసిసిపీలో ఒక తల్లి తన కూతుళ్ల గదిలో పెట్టుకుంది, తను నైట్ డ్యూటీలో ఉన్నా పిల్లల్ని చూసుకోవచ్చని. నాలుగు రోజులకి ఎవడో అందులోంచి ఎనిమిదేళ్ల పిల్లని పలకరించాడు, నేను శాంటాక్లాజ్‌ని అని. వైజ్ అనే మరో కంపెనీ 2024 ఫిబ్రవరిలో సర్వర్లు పడి లేచిన గందరగోళంలో సుమారు 13,000 మందికి వేరేవాళ్ల ఇళ్ల బొమ్మలు చూపించింది. వీటన్నిటికీ తాత ఒకటుంది. ట్రెండ్‌నెట్ అని, 2012లో దాదాపు 700 ఇళ్ల కెమెరాలు ఊరందరికీ ప్రత్యక్ష ప్రసారమైపోయాయి. ఊయలలో పిల్లలు నిద్రపోతున్న దృశ్యాలతో సహా. ఆ కెమెరాల పేరు 'సెక్యూర్‌వ్యూ'.

ఇంకో ఉపకారం కూడా చేస్తాయివి. 2016 అక్టోబరులో అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మూగబోయాయి. దాడి చేసిన సైన్యం ఎవరంటే, మిరాయ్ అనే వైరసు సోకిన ఇళ్ల కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు. ఫ్యాక్టరీ పాస్‌వర్డులున్నవన్నీ ఒక్క పిలుపుతో బయల్దేరాయి. పైకి చూస్తే గోడ మీద కదలకుండా అమాయకంగానే ఉన్నాయి. అమ్మానాన్నల కాపలాకి పెట్టినది రాత్రిపూట ఎక్కడెక్కడ కూలికెళ్తోందో కొడుకుకీ తెలియదు, కంపెనీకీ తెలియదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల నోట ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి పేరు మీదే నిలిచింది. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన ఆయన 2012లో పిటిషన్ వేసేనాటికి వయసు 86. ఒక పెద్దాయన ఆ వయసులో కోర్టు మెట్లెక్కి దేశమంతటికీ సంపాదించిపెట్టిన హక్కు, ఆయన ఈడువాళ్ల హాల్లోకి మాత్రం రాలేకపోయింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా బాగుంటుంది. తప్పుచేసిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చంటుంది గానీ, ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదని కూడా అదే చెబుతుంది. అందులో తప్పేం లేదు. లేకపోతే పెళ్లి ఆల్బముకి కూడా లాయరు కావాలి. ఫలితం మాత్రం ఇదీ: కంపెనీ చూస్తే జరిమానా, కొడుకు చూస్తే ప్రేమ.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. మంచిదే. ఇప్పటికే మేకుకి వేలాడుతున్నవాటిని దింపి పరీక్షకి తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ప్రేమ లేదని ఎవరూ అనలేదు. అక్కడ సెలవు దొరకదు, వీసా భయం, పిల్లల చదువులు. ఇక్కడ నాన్న ఒకసారి కళ్లు తిరిగి కూర్చుండిపోయారని తెలిశాక ఆ పిల్లాడికి నిద్రెలా పడుతుంది? పట్టదు. ఆ నిద్ర పట్టని రాత్రిని కంపెనీ పదిహేను వందలకి కొనేసింది. కానీ పెద్దాయన నిజంగా జారిపడ్డ రోజు సంగతి చూడండి. పడింది బాత్రూములో. అక్కడ కెమెరా లేదు, పెట్టలేరు. అరుపు విని పరుగెత్తుకొచ్చి లేపింది పనిమనిషి. కెమెరా పెట్టేటప్పుడు అబ్బాయి చెప్పిన కారణాల్లో మొదటిది ఆవిడే: "పనమ్మాయి మీద ఓ కన్నుంటుంది కదమ్మా." ఆటో పిలిచిందీ, ఆస్పత్రిలో చీటీ రాయించిందీ పక్కింటాయన. కెమెరాలో కనిపించింది ఖాళీ సోఫా ఒక్కటే. కదలిక ఏదీ గుర్తించబడలేదు.

ఇంతా చెప్పి కెమెరాలు పీకి పారేయమంటే ఎవరూ వినరని తెలుసు. అందుకని ఒక రాజీ ప్రతిపాదన. పండగ సేల్లో ఒకటి కొంటే ఒకటి ఉచితమంటున్నారు కాబట్టి, రెండోది ఫ్రిస్కోలో పెట్టండి. హాల్లోనే, ఎక్కువేం అడగడం లేదు. యాప్ అమ్మ ఫోన్లో వేసి, శబ్దం గట్టిగా పెట్టండి. అక్కడ రాత్రి పదకొండుకి డెలివరీ పెట్టెలో పిజ్జా వచ్చినప్పుడు ఇక్కడ పొద్దున పూజ మధ్యలో టింగుమంటుంది. "ఒరే, ఈ వేళప్పుడు ఆ తిండేంట్రా? పొద్దున వండింది ఏమైంది? మనవడింకా పడుకోలేదేం?" అని గోడలోంచి అడగనివ్వండి. కోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఎన్ని గంటలైందో, అబ్బాయి ఆఫీసు పనంటూ ఏ మ్యాచ్ చూస్తున్నాడో, శనివారం వచ్చిన స్నేహితులు గ్లాసుల్లో ఏం తాగారో, అన్నీ ఆవిడ రక్షణలోకి వస్తాయి.

ఈ ప్రతిపాదన ఒక ఇంట్లో నిజంగానే వినిపించాను. వీడియో కాల్లో అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత అబ్బాయి చాలా మర్యాదగా అన్నాడు:

"అలా ఎలా కుదురుతుంది అంకుల్? మాకూ కొంచెం ప్రైవసీ ఉండాలి కదా."