అరగంట పాఠకుడు, పన్నెండు వారాల బ్యాటరీ

ఈ-రీడర్ల ప్రకటనల్లో బ్యాటరీ మన్నికను గంటల్లో కాక వారాల్లో చెప్పే ఆచారం ఒకటి స్థిరపడింది. ఆ వారాల పుట్టుక విచారిస్తే అందులో రసాయనశాస్త్రం కన్నా ఎక్కాల పుస్తకం పాత్రే అధికమని తేలుతుంది. 2011 మే నెలలో బార్న్స్ అండ్ నోబుల్ సంస్థ తన కొత్త ఈ-రీడర్ నూక్ ఒక్క ఛార్జింగుతో రెండు నెలలు నడుస్తుందని ప్రకటించగా, అంతవరకు నెల రోజులని చెబుతూ వచ్చిన అమెజాన్ తన కిండిల్‌కూ రెండు నెలల ఆయుష్షు ప్రసాదించింది. ఇందుకోసం బ్యాటరీని గానీ పరికరాన్ని గానీ ముట్టుకోలేదు. పాఠకుడు రోజుకు గంట చదువుతాడన్న లెక్కను అరగంటకు కుదించారు, అంతే. ఇదే వరసలో పాఠకుణ్ణి పావుగంటకు దించితే నాలుగు నెలలు వచ్చేవి. చదువు పూర్తిగా మాన్పించగలిగితే ఎంత వచ్చేదో చెప్పనక్కరలేదు.

ఆ అరగంట నేటికీ చెక్కుచెదరలేదు. 2024 నాటి కిండిల్ పేపర్‌వైట్‌కు చెప్పిన పన్నెండు వారాలు, వైర్‌లెస్ ఆపి, వెలుతురు పదమూడో మెట్టున ఉంచి, రోజుకు అరగంట చదివితే వచ్చేవి, అనగా మొత్తం 42 గంటలు. ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపు రేణువులు విద్యుత్ ప్రేరణతో కదిలి అక్షరాలుగా కుదురుకున్నాక నిలిచి ఉండటానికి విద్యుత్తు అక్కరలేదు గనుక, తెరకయ్యే ఖర్చంతా పేజీ మార్చినప్పుడే. అందుకే 2006లో సోనీ తన రీడర్‌కు 7,500 పేజీలని లెక్క చెప్పింది. తెరకు దీపం తోడయ్యాక గంటల లెక్కా అవసరమైంది, వారాల లెక్క మాత్రం ఎన్నడూ అవసరం కాలేదు.

ఇంతకీ ఇవన్నీ కొత్త బ్యాటరీ ముచ్చట్లే. లిథియం-అయాన్ బ్యాటరీలోని గ్రాఫైట్ పలక మీద ఏర్పడే సన్నని పొర కాలంతో మందమవుతూ పనికొచ్చే లిథియాన్ని తినివేస్తుంది. వేడిమి, నిండు ఛార్జింగులో నిలవ ఉంచడం ఆ క్షీణతను వేగిరపరుస్తాయి, పుస్తకం తెరవకుండా అరలో పెట్టినా అది ఆగదు. ఈ ముసలితనం గురించి ప్రకటన మౌనం వహిస్తుంది. 2007 నాటి తొలి కిండిల్ వెనుక మూత తీసి బ్యాటరీ మార్చుకునే వీలుండగా, 2009లో వచ్చిన రెండో కిండిల్‌తో ఆ మూత మూసుకుపోయింది. వాడుకరే బ్యాటరీ మార్చుకోగలగాలన్న ఐరోపా సమాఖ్య నియమం, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలు కానున్నది. అది ఇతర దేశాల దాకా వచ్చేలోగా, కొనేవారు ప్రకటనలోని వారాలను మూడున్నరతో గుణించి, వచ్చిన గంటలనే నమ్మడం, అదీ పరికరం కొత్తగా ఉన్నన్నాళ్లకే నమ్మడం మేలు.