బెల్లం లేదట!

2024 సంక్రాంతికి పది రోజుల ముందు రాజోలు నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, ఈసారి పండక్కి నేనే అక్కడికొస్తున్నాను. అరిసెలు అక్కడే వండుకుందాం. ఐదు కేజీల పాకం బెల్లం చూసి ఉంచండి" అన్నారు. దానికేముందండీ అన్నాను. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో ఎనిమిదేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నవాణ్ణి, ఐదు కేజీలు నాకో లెక్కా అనుకున్నాను.

మా ఖాతా ఉన్న కిరాణా కొట్టు సేఠ్ తలెత్తకుండానే "మూడు భేలీలున్నాయి మాస్టర్‌జీ. మళ్లీ శుక్రవారం జగదల్‌పూర్ లారీ వస్తేనే" అన్నాడు. భేలీ అంటే ఇక్కడి బెల్లం అచ్చు. మూడూ కలిపి మూడు కేజీలుంటాయేమో. తర్వాత తీసుకుందాంలే అనుకుని టీకి వెళ్లాను. నా పతనం అక్కడే మొదలైంది.

మా ఊరికి సరుకు వచ్చేది ఒక్కటే రోడ్డు మీద, 30వ నంబరు జాతీయ రహదారి. పైనుంచైతే రాయ్‌పూర్, జగదల్‌పూర్ మీదుగా రావాలి. రాయ్‌పూర్ సుమారు నాలుగొందల కిలోమీటర్లు. కిందనుంచైతే భద్రాచలం, చింతూరు, కుంట. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, శబరి వెనక్కి తన్ని చింతూరు మునిగినప్పుడు, కింద దారి మూసుకుపోయింది. అలాంటి రోజుల్లో సేఠ్ మొహంలో ఒక గాంభీర్యం వస్తుంది. ఉల్లిపాయ అడిగినా డాక్టరులా కాసేపు ఆలోచించి గానీ చెప్పడు.

కొట్టు వెనక ఉప్పు బస్తాలు మాత్రం ఏ కాలంలోనైనా అటకని తాకుతుంటాయి. "పండక్కి బెల్లం ఉంచవు, ఇంత ఉప్పెందుకయ్యా?" అంటే, "ఉప్పు లేదని చెప్పిన కొట్టుకి అడవినుంచి మళ్లీ ఎవరూ రారు మాస్టర్‌జీ" అన్నాడు. నిజమే. ఒకప్పుడు బస్తర్ సంతల్లో వ్యాపారులు ఉప్పు కొలిచిపెట్టి, అంతకంత సారపప్పు కొలుచుకుని పోయేవారు. సారపప్పు ధరేమిటో పాయసంలో వేసుకునేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ మాట నేనెత్తితే సేఠ్‌కి వెంటనే ఫోనొస్తుంది. మోగకపోయినా సరే.

ఇంతకీ టీకొట్టు. బస్టాండు దగ్గర నలుగురున్నారు. ఊరికే ఉండలేక, "ఈ ఏడు మేడారం జాతర కదా, బెల్లమంతా అటే పోతుందేమో" అన్నాను. ఆ ఫిబ్రవరిలో జాతర ఉన్న మాట నిజం. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారనీ, మనిషెత్తు తూచి అమ్మవార్లకి మొక్కు చెల్లిస్తారనీ మా వాళ్లందరికీ తెలుసు. ఇక్కడినుంచీ వెళ్తారు. నేనన్నది "పోతుందేమో". ఆ "ఏమో" టీకొట్టు దాటలేదు.

సాయంత్రం మా పక్కింటావిడ వచ్చి మా ఆవిడతో, "విన్నారా వదినా, జగదల్‌పూర్‌లో కూడా బెల్లం లేదట. ఎవరో మాస్టారు చెప్పార్ట" అంది. మా ఆవిడ నావైపు చూసింది. నేను పేపర్లు దిద్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్తే భేలీలు పెట్టే డబ్బాలో రెండు చీమలున్నాయి. అవీ నిరాశగానే తిరుగుతున్నాయి. తెలుగిళ్ల వాళ్లు, ఒడియా వాళ్లు, తిల్ లడ్డూలకని బెటాలియన్ క్యాంపు వంటవాడు, పండగలతో పనిలేని కాంట్రాక్టరు కూడా వచ్చి ఊడ్చుకుపోయారట. ఊళ్లో మిగతా మూడు కొట్లలోనూ అదే మాట: ఖతమ్.

ఇలాంటి ఘనకార్యం నాకంటే ముందు ఒకాయన చేశాడు. 1973 డిసెంబర్ 19న, క్రిస్మస్ ముందు, అమెరికాలో జానీ కార్సన్ అనే టీవీ హాస్యగాడు టాయిలెట్ పేపరుకి కొరత వచ్చిందని జోకేశాడు. అప్పటికి పెద్ద కొరతేమీ లేదు. తెల్లారేసరికి జనం బళ్లు వేసుకుని కొట్ల మీద పడ్డారు, దాంతో నిజంగానే అరలు ఖాళీ అయ్యాయి. తర్వాత ఆయన టీవీలోనే అదేం లేదని చెప్పుకున్నాడు. నాకు ఆ సౌకర్యం లేదు. టీకొట్టుకెళ్లి "బెల్లం ఉంది" అని చెబితే ఎక్కడుందో చూపించమంటారు.

భద్రాచలంలో మా తోడల్లుడికి ఫోన్ చేశాను. ఆయన పది కేజీలు గోనెలో కుట్టించి రాత్రి బస్సెక్కించాడు. ఆ బెల్లం తెలంగాణలో బయల్దేరి, 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు దాటి, కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్‌లో కాలుపెట్టింది. దగ్గరుండి తెచ్చుకుందామని నేనే కుంటకి ఎదురెళ్లాను. చెక్‌పోస్టులో ఒక కానిస్టేబుల్ గోనెని లాఠీతో పొడిచి చూశాడు.

"ఇంత బెల్లమా? మహువా కాస్తావా?"

ఇప్పసారా అనుకున్నాడు! నేను మాస్టర్నని, అరిసెల కోసమని, నాకొచ్చిన హిందీలో పాకం నుంచి నూనె దాకా వర్ణించాను. ఉండ ఎలా చేస్తారో, ఆకు మీద ఎలా తడతారో చేతులతో చూపిస్తుంటే వెనక బస్సులో జనం లేచి నిలబడ్డారు. చివర్లో పైన నువ్వులద్దుతారని చెప్పగానే ఆయన మొహం మారింది.

"ఆరిసా పిఠా!" అన్నాడు. ఆయనది శబరి అవతలి ఒడ్డు, మల్కన్‌గిరి వైపు. "మా అమ్మ చేస్తుంది. ఎన్ని చేస్తున్నారు?"

ఆ ప్రశ్న కుశలం కోసం కాదని కాసేపటికి అర్థమైంది. పాతిక ఒప్పుకుని బస్సెక్కాను.

శుక్రవారం లారీ వచ్చింది. గిరాకీ చూసి సేఠ్ ఏకంగా పది బస్తాలు తెప్పించాడు. కానీ అప్పటికే ఊళ్లో ప్రతి ఇంట్లోనూ మంచం కింద బెల్లమే. సేఠ్ రోజూ నన్ను పిలిచి, "మాస్టర్‌జీ, మీరు ఒక్కసారి టీకొట్టులో కూర్చుని బెల్లం గురించి ఇంకేమైనా చెప్పరాదూ" అని బతిమాలాడు.

అత్తగారు దిగారు. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి, పళ్లేనికేసి కొట్టి టక్కుమనిపించారు. "ఫరవాలేదు, మంచి బెల్లమే" అన్నారు. నా జన్మ తరించింది. అప్పుడు అడిగారు:

"నువ్వులేవీ?"

నువ్వులు నాకెవరూ చెప్పలేదు. సంచీ తీసుకుని, బస్టాండు మీదుగా కాకుండా వెనక సందులోంచి, దారిలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా సేఠ్ కొట్టుకి నడిచాను.