కాపలా

గాజువాకలో మా పాత షిఫ్టు ఇన్‌ఛార్జిగారింటికి వెళ్తే, హాల్లో టీవీ ఉండాల్సిన చోట సముద్రం ఉంది. మూడడుగుల గాజుతొట్టి, లోపల పగడాలు, అడుగున తెల్లటి ఇసుక. స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాక ఆయన వెతుక్కున్న కొత్త కొలువు.

"రావయ్యా, కూర్చో" అన్నారు, పడక్కుర్చీలోంచి కదలకుండా.

ఇసుకలో ఓ బొరియ. దాని గుమ్మంలో వేలెడంత పసుపుపచ్చ గోబీ చేప, కళ్లు మిటకరించుకుని. లోపల్నుంచి ఓ మచ్చల రొయ్య ఇసుక తోసుకొచ్చి బయట పోస్తోంది, వెనక్కెళ్తోంది, మళ్లీ తెస్తోంది.

"అది పిస్టల్ రొయ్య. కొండి విదిలిస్తే నీళ్లలో బుడగ పుట్టి పేలుతుంది. ఆ టప్పుమనే చప్పుడు కొండిది కాదు, బుడగది. 2000లో గానీ శాస్త్రవేత్తలు తేల్చలేదు. అర్ధరాత్రి పేల్చిందంటే అద్దం పగిలిందేమోనని మీ అక్కయ్య లేచి చూస్తుంది. గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవాణ్ని, నాకు మెలకువ రాదు."

అక్కయ్యగారు అప్పటికే గొట్టంతో పాతనీళ్లు తోడేశారు. లీటరుకి 35 గ్రాముల లెక్కన ప్యాకెట్టు ఉప్పు కలిపిన నీళ్లు వంటింట్లోంచి బకెట్లతో మోసుకొస్తున్నారు. బంగాళాఖాతాన్ని పక్కన పెట్టుకుని ఉప్పు కొనడమేమిటని అడగబోయి, హార్బరు నీళ్లమీద తేలే నూనె గుర్తొచ్చి ఊరుకున్నాను.

"అంత మొనగాడికీ చూపు ఆనదయ్యా! బయటికొస్తే మీసం ఒకటి చేప ఒంటికి తగిలించే ఉంచుతుంది. ఏదైనా ప్రమాదం కనబడితే చేప తోక ఆడిస్తుంది. రొయ్య లోపలికి తుర్రు! ఇల్లు తవ్వే పని రొయ్యది, కాపలా చేపది. ఎంత చక్కగా పంచుకున్నాయో చూడు... ఏమోయ్, ఆ మూల అద్దానికి పాచి ఉండిపోయింది."

అక్కయ్యగారు ఆ మూల గీకారు. చేప ఎగిరి కిందపడకుండా పైన వల మూత సర్ది, చిందిన ఉప్పునీళ్లు గుడ్డతో ఒత్తారు. మళ్లీ బకెట్ అందుకున్నారు.

సాయం చేద్దామని లేచాను. "నువ్వు కూర్చోవయ్యా, తనకి అలవాటే" అన్నారాయన.

"మరి ఇందులో మీ పనేమిటండీ?"

"నేనా? చూస్తుంటాను. ఎవరో ఒకరు కన్నేసి ఉంచకపోతే ఇది నిలవదు."

అక్కయ్యగారు బకెట్ దించి, కొంగుతో మొహం తుడుచుకుని, తొట్టిలోకి వంగి చూశారు.

"రొయ్యదే అదృష్టం తమ్ముడూ. దానికి కనబడదు."