గోనెసంచుల్లో ఫియట్టు

విప్పదీసిన పాత కారును కొని బాగుచేయించుకోవాలా వద్దా అని ఆలోచించే మనిషి యాభైకి కాస్త అటూ ఇటూగా తయారవుతాడు. అప్పటికి ఇంటి అప్పు తీరి ఉంటుంది, పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడి ఉంటారు, ఆదివారాలు ఖాళీ పడతాయి. కార్ల పని తెలిసి ఉండాలన్న నియమం లేదు. స్టెప్నీ మార్చిన అనుభవమైనా అక్కర్లేదు. నాన్నగారి కారు జ్ఞాపకం కోసమని చెబుతాడు గానీ, కాస్త కదిపితే నాన్నగారికి ఉన్నది సైకిలేనని, ఫియట్టు వీధి చివరి డాక్టరుగారిదని తేలుతుంది. చిన్నప్పుడు దానిమీద చెయ్యి వేస్తే డ్రైవరు కేకలేసేవాడు. ఇప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ వేయవచ్చు, లోపలా బయటా కూడా.

తెలుగునాట ఈ మనిషికి ఎక్కువగా తగిలేది ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100 ఆధారంగా బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు చేసిన బండి. 1970లలో పద్మిని అని పేరు మార్చినా జనం ఫియట్టు అనడం మానలేదు. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందే గేరు రాడ్డు. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ రోడ్డు దిగింది 2023 అక్టోబరులో. అంతకాలం టాక్సీలుగా తిరిగిన పుణ్యాన ఇంజను సామాను ఇప్పటికీ దొరుకుతుంది. ఈ ఒక్క నిజాన్ని పట్టుకుని అన్నీ దొరుకుతాయని ఇతను నమ్ముతాడు. పిస్టన్లు దొరుకుతాయి, నిజమే. అద్దం చుట్టూ ఉండే బీడింగు, తలుపు లోపలి పిడి, అసలు గ్రిల్లు కావాలంటే మాత్రం విజయవాడ ఆటోనగరు, చెన్నై పుదుప్పేట, ముంబై చోర్ బజారు కాళ్లరిగేలా తిరగాలి.

కారు తనంతట తాను ఊడిపోదు. పొగ ఎక్కువైందని ఎవరో ఇంజను దింపుతారు. ఎలాగూ దింపాం కదా అని టింకరింగు మొదలెడతారు. ఎలాగూ టింకరింగు కదా అని తలుపులు, సీట్లు, అద్దాలు తీసేస్తారు. అంతలో అమ్మాయి పెళ్లి కుదురుతుంది. తలుపులు అటకెక్కుతాయి, గేరుబాక్సు మెట్ల కిందకు చేరుతుంది, మిగతావి గోనెసంచుల్లోకి వెళతాయి. బాడీలో మొదట కొబ్బరిమట్టలు, తర్వాత కోళ్లు కాపురం పెడతాయి. పదేళ్లకు ఆ ఇంటి ముందు మన మనిషి ఆగుతాడు.

చూడవలసింది నేల రేకు, తలుపుల కింది అంచులు. ఫియట్టుకు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. అదే స్టాండర్డ్ హెరాల్డ్ అయితే కింద వేరే ఫ్రేము ఉంటుంది, పైది బోల్టులు తీసి దించి బాగుచేసుకోవచ్చు. ఫియట్టు నేల తుప్పు పట్టిందంటే పోయింది అందం కాదు, బలం. ఇతను చూసేది మాత్రం చొక్కా కొసతో తుడిచిన పేరు బిళ్లను. అది మెరవగానే సగం నిర్ణయం అయిపోతుంది. “అన్నీ ఉన్నాయండీ, ఒక్క నట్టు కూడా పోలేదు” అని ఓనరు అనగానే మిగతా సగమూ అవుతుంది. ఏవేవి ఉండాలో ఇద్దరికీ తెలియదు కాబట్టి ఆ మాట అబద్ధమనడానికి వీల్లేదు.

నడిచే కారు గంటలో తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది: పొగ, చప్పుడు, బ్రేకు వేస్తే ఓ పక్కకు లాగడం. సంచుల్లోని కారు ఏ తప్పూ చేయదు. నడిచేదాన్ని చూపిస్తే ఇతను వంకలు వెతికి బేరమాడతాడు. సంచులు చూపిస్తే రంగు ఎంచుకుంటాడు. ఎదురుగా నిలబడ్డ ఓనరు కూడా ఒకప్పుడు ఇలాగే రంగు ఎంచుకున్నవాడే. ఆ పోలిక ఇతనికి తట్టదు.

తర్వాత మేస్త్రీని తీసుకెళతాడు. డెబ్భై దాటిన ఫియట్టు మేస్త్రీ అడిగేది ఒక్కటే: “ఎవరు విప్పారు సార్?” మేస్త్రీ విప్పితే బోల్టుల్ని తీసినచోటే మళ్లీ తగిలించి ఉంచుతాడు, వైర్లకు గుర్తులు కడతాడు. ఓనరు విప్పితే అన్నీ ఒకే డాల్డా డబ్బాలో పడతాయి. ఏది ఎక్కడిదో పోల్చుకోవడానికి పట్టే రోజుల కూలి ఏ లెక్కలోనూ ఉండదు. చవకగా వచ్చిన సంచుల కంటే కాస్త ఖరీదు పెట్టి కొన్న నడిచే బండే చాలాసార్లు చౌక పడేది ఇందువల్లనే. ఈ సంగతి మేస్త్రీ చెప్పడు, చెబితే పని పోతుంది. “చేద్దాం సార్” అంటాడు.

కాగితాల విషయంలో ఇతనిది మరీ ఉదార హృదయం. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు తీరిపోతుంది. ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలంటే బ్రేకు ఇన్‌స్పెక్టరుకు బండి చూపించాలి. సంచులు చూపిస్తే కుదరదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజిగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20 వేలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. అయితే చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు, రోజువారీ పనులకు తిప్పకూడదు. తాను చూసినది 1983 మోడలని తెలిస్తే ఇతను దిగులుపడడు, బాగయ్యేసరికి 50 నిండుతాయిలే అనుకుంటాడు. ఆ అంచనాలో తప్పేమీ లేదు.

ఇంట్లో మాత్రం అంచనాలు సాగవు. శ్రీమతికి పిస్టన్ల సంగతి అక్కర్లేదు. “మనకున్నది ఒక్క పార్కింగు. అందులో ఉన్న కారు పెడదామా, లేని కారు పెడదామా?” అంటుంది. అపార్టుమెంటు సెక్రటరీ అభిప్రాయమూ ఇంచుమించు అదే, కాకపోతే ఆయన దాన్ని నోటీసుబోర్డులో పెడతాడు.

ఇన్ని వైపుల నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఈ రకం మనిషి కొనడు, మానడు. అడ్వాన్సు ఇస్తాడు. అయిదు వేలు ఓనరు చేతిలో పెట్టి, దసరా వెళ్లాక బండి తోలించుకుంటానంటాడు. దసరా వెళుతుంది, సంక్రాంతీ వెళుతుంది. ఈలోగా నలుగురిలో “నా ఫియట్టు” అనే హక్కు దక్కింది కాబట్టి అతనికి తొందరేమీ ఉండదు. ఓనరూ తొందరపెట్టడు, ఏడాదికి ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు తగిలితే కారు అమ్మాల్సిన అవసరమే లేదని ఆయనకు ఎప్పుడో తెలిసింది.