అల్లుడి సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం

భయపడకు. అడిగినదే చెప్పు. వదిన ఫోటో వద్దు. ఒరిజినల్స్ అన్నీ పట్టుకెళ్ళు. ఆల్బం చిన్నది చాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. అయ్యాక ఫోన్ చెయ్యి.

అవతారిక

పై మూలం మా అల్లుడు న్యూజెర్సీ నుంచి మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపినది. పద్యం కాదు, గద్యం. యతి లేదు, ప్రాస లేదు, చివర ఒక బొటనవేలి బొమ్మ మాత్రం ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో తెలుగు పండితుడిగా ఉండి, ప్రతిపదార్థం రాయని పిల్లల మార్కులు కోసినవాణ్ని. రిటైరయ్యాక నా చేతికొచ్చిన మొదటి మూలగ్రంథం ఇదే కాబట్టి వదిలిపెట్టలేదు.

మూలకర్త ఎనిమిదో ఏట తల్లిదండ్రులతో వెళ్ళి అక్కడి పౌరుడైనవాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, లిపి రాదు. కనక మూలం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తెలుగు లిపిలోకి మార్చిన పాపం నాది. పైగా సందేశం పంపేసరికి అక్కడ అర్ధరాత్రి దాటింది. పంపి పడుకున్నాడు. మూలకర్త నిద్రపోతే వ్యాఖ్యాతలకు పండగ.

సందర్భం: పెళ్ళయిన పంతొమ్మిదో రోజున అల్లుడు వెళ్ళిపోయాడు. వెళ్ళి ఐ-130 అనే అర్జీ పెట్టాడు. అది ఒప్పుకున్నాక దస్త్రం న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో పోర్ట్స్‌మత్ అనే ఊళ్లోని నేషనల్ వీసా సెంటర్‌కి చేరింది. అక్కడ 325 డాలర్లు ఒక రుసుము, 120 డాలర్లు ఇంకో రుసుము, డీఎస్-260 అనే దరఖాస్తు. ఇవన్నీ దాటి ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చేసరికి పదిహేడు నెలలు. కాళిదాసు యక్షుడికి వేసిన శిక్ష ఒక్క ఏడాది. దానికే వాడు మేఘాన్ని పట్టుకుని అంత కావ్యం చెప్పాడు. మనవాళ్లు కొత్త దంపతుల్ని ఒక్క ఆషాఢం విడదీస్తేనే అత్తగారింటి మీద అలకలు. మా పిల్లకి రెండో ఆషాఢం కూడా వచ్చేసింది.

మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. రెండో సగం నా వల్ల కాలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

భయపడకు

టీక: భయము = భీతి; పడకు = పొందకు. వ్యతిరేక విధి, మధ్యమ పురుష, ఏకవచనం.

తాత్పర్యం: నాకు భయంగా ఉంది.

విశేషం: ఇది భయానక రసం. ఉద్దీపన విభావం యూట్యూబ్. అందులో ఒకమ్మాయి, తనకి ఏ ప్రశ్న అడిగి ఏ రంగు కాగితం చేతిలో పెట్టారో పదకొండు నిమిషాలు చెబుతుంది. మా అమ్మాయి దాన్ని రోజూ రాత్రి చూసేది. ఆ కాగితం 221(జి) అట, ఇంకా ఏదో తేలాలి, ఆగండి అని అర్థమట. ఆ అంకె మా ఇంట్లో శనిమంత్రంలా ఉచ్చరించేవారు. మా ఆవిడ చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది. పని అయితే 108 బాకీ. ఆవిడ మోకాళ్ల సంగతి తెలిసినవాణ్ని కాబట్టి, ఫలితం మీద నాకున్న ఆత్రుతలో ఒక పాలు భయం కూడా కలిసింది.

అడిగినదే చెప్పు

టీక: అడిగినది + ఏ. ఏవకారం అవధారణార్థకం. అడగనిది చెప్పకు అని ధ్వని.

తాత్పర్యం: నువ్వు మీ నాన్న పోలికని నాకు తెలుసు.

విశేషం: అభ్యాసం కోసం పక్కింటి రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ గారిని కాన్సులర్ ఆఫీసరుగా నియమించుకున్నాం. ఆయన వంటింట్లో నిలబడతాడు, అమ్మాయి వసారాలో. మధ్య ఊచల కిటికీ. కిటికీ గూట్లో ఊరగాయ జాడీ పక్కకి జరిపి, ఫైలు తోయడానికి చోటు చేశారు. నలభై ఏళ్లు లోన్లు ఇవ్వకుండా ఉండటమే వృత్తిగా బతికినవాడు, పాత్రలో ఒదిగిపోయాడు.

"మీ ఆయన ఏం చేస్తారు?"

"డేటా ఇంజినీరండీ."

"ఎవరి డేటా?"

అమ్మాయి నావైపు చూసింది. నేను చెప్పబోయాను. ఆయన కిటికీలోంచి వేలు చూపించి, "మాస్టారూ, మీకు వీసా లేదు, మీరు బయటుండండి" అన్నాడు.

తర్వాత: అత్తమామల పేర్లు, ఆడపడుచు ఊరు, పెళ్ళికి ఎంతమంది వచ్చారు, ఇదివరకు పెళ్ళిళ్లు ఉన్నాయా. అన్నీ చెప్పింది. చివర్న ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మీ ఆయనకి ఇష్టమైన కూరేమిటి?" అన్నాడు. అమ్మాయికి తెలియదు. పంతొమ్మిది రోజుల్లో పద్నాలుగు రోజులు చుట్టాల ఇళ్లలో విందులే అయితే, ఎవడికి ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? పెట్టిందల్లా బాగుందనేవాడు పాపం. ఆ రాత్రి అమ్మాయి ఫోన్ చేసి అడిగింది. దొండకాయ వేపుడట. మా ఆవిడ నొచ్చుకుంది, ఆ పంతొమ్మిది రోజుల్లో అది ఒక్కనాడూ చెయ్యలేదని.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఈ పెళ్ళి నిజమేనని రుజువు చేయడానికి దంపతులు కలిసి బతికిన గుర్తులు కావాలి. కలిసి బతకడానికి వీసా కావాలి. తర్కంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. విద్యార్థి రాస్తే సున్నా వేస్తాం.

వదిన ఫోటో వద్దు

ఇది ఈ గ్రంథంలో అతి క్లిష్టమైన స్థలం.

ప్రథమ వ్యాఖ్య: వదిన = అన్నభార్య, అనగా మా కోడలు. ఆమె ఫోటో వద్దు. ఈ అర్థం అమ్మాయి పైకి చదవగానే, కాఫీ తెస్తున్న కోడలి చెవిన పడింది. పెళ్ళిలో పెళ్ళికూతురి పక్క నుంచి కదలని మనిషి. చీర కుచ్చిళ్లు సర్దింది తను, తలంబ్రాల బియ్యం జుట్టులోంచి ఏరింది తను. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఔన్లెండి, నేనెవర్ని" అని లోపలికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదు.

పాఠాంతరం: వాడిన ఫోటో వద్దు. ఇంగ్లీషు లిపిలో దీర్ఘం లేదు. మూలకర్త లేచాక సాయంత్రం తేలిన సంగతేమిటంటే, పాస్‌పోర్టుకి వాడిన ఫోటోనే మళ్లీ పెట్టొద్దని ఆయన భావం. వీసా ఫోటో ఆరు నెలల లోపుది కావాలి. రెండంగుళాల చదరం, తెల్లటి వెనక తెర, కళ్లద్దాలు కూడదు. ఒక్క దీర్ఘం మింగితే ఒక సంసారంలో ఎంత కీడో, తెలుగు లిపి ఎందుకు నేర్చుకోవాలని అడిగేవాళ్లకి ఇంతకంటే ఉదాహరణ నా దగ్గర లేదు.

స్టూడియో కుర్రాడు తీసిన కొత్త ఫోటోలో మా అమ్మాయి చామనఛాయ పోయి పాలరాతి బొమ్మ అయింది. "ఫ్రీగానే కొట్టానండీ ఫెయిర్‌నెస్" అన్నాడు. ముఖం మార్చిన ఫోటో పనికిరాదని చెప్పి మళ్లీ తీయించాం. వాడు చాలా నొచ్చుకున్నాడు.

ఒరిజినల్స్ అన్నీ పట్టుకెళ్ళు

టీక: ఒరిజినల్స్ = అసలు పత్రాలు. అన్నీ = ఉన్నవీ, లేనివీ.

విశేషం: లేనివే ఎక్కువ. మా అమ్మాయి పేరులోని లక్ష్మి పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, డిగ్రీ పట్టాలో ఎక్స్ అక్షరంతో ఇంకో స్పెల్లింగు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఆధార్‌లో అసలు లేదు. ఈ ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాం. జీవుడూ బ్రహ్మమూ ఒకటేనని చెప్పడానికి శంకరులకి అంత భాష్యం కావలసి వచ్చింది. మా నోటరీ స్టాంపు కాగితం మీద ఆరు వాక్యాల్లో తేల్చేశాడు.

అసలు చిక్కు పెళ్ళి తేదీ. మా శుభలేఖలో ఫిబ్రవరి 12 రాత్రి, తెల్లవారితే 13 అనగా, 2 గంటల 47 నిమిషాలకు అని ఉంది. మనకి సూర్యుడు పొడిస్తే గాని రోజు మారదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గడియారానికి అర్ధరాత్రే మారుతుంది. వాళ్లిచ్చిన సర్టిఫికెట్‌లో 13. అర్జీలో అల్లుడు రాసింది 13. పందిట్లో ఫ్లెక్సీ మీద 12. ఆఫీసరు "పెళ్ళెప్పుడు?" అంటే రెండు నిజాలున్నాయి, ఏది చెప్పినా ఇంకోటి అబద్ధం అవుతుంది. బ్యాంకు మేనేజర్ గారు 13 అన్నారు. మా పురోహితుడు ప్రాణం పోయినా 12 అన్నాడు. నేను శుభలేఖని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, అడుగున పంచాంగ న్యాయం రెండు పేరాల్లో వివరించి, చి.ల.సౌ. అన్నది వధువు పేరులో భాగం కాదని కూడా రాశాను. అమ్మాయి రెండు పేరాలూ కొట్టేసి, 'తేదీ 13, అర్ధరాత్రి దాటాక' అని ఉంచింది. సంక్షేపంలో అల్లుణ్ని మించిపోయింది.

ఈ పత్రాల్లో నాకు నచ్చింది ఐ-864. భార్యని పోషించగలనని భర్త పెట్టే ప్రమాణం. అక్కడి పేదరికపు గీతకి నూటికి 125 వంతుల ఆదాయం చూపాలి. భర్త అంటే భరించేవాడనే మన వ్యుత్పత్తికి అమెరికా ప్రభుత్వం ఫారం అచ్చువేసిందన్నమాట. అక్కడితో ఆగలేదు. విడాకులైనా ఆ బాధ్యత పోదట. ఆమె పౌరురాలైతే పోవాలి, 40 త్రైమాసికాల పని లెక్కకి వస్తే పోవాలి, ఇంకా దేశం వదిలిపోవడం, మరణం. నాతిచరామి అని మంత్రం చెప్పించిన మా పురోహితుడికి ఇది చదివి వినిపిస్తే, "ఇంత గట్టిగా మేం కూడా చెప్పించమండీ" అన్నాడు.

ఆల్బం చిన్నది చాలు

టీక: స్పష్టం.

విశేషం: మా కరిష్మా ఆల్బం తూకానికి ఒక పసిపిల్ల. దానికో తోలు పెట్టె, పెట్టెకో తాళం. అందులోంచి ముప్పై ఫోటోలు ఏరాలని కూర్చున్నాం. ప్రతి ఫోటోలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, నిచ్చెనెక్కిన ఫోటోగ్రాఫర్ని చూస్తున్నారు. తలంబ్రాల దగ్గర మాత్రం, బియ్యం కంట్లో పడి అల్లుడు కళ్లు నులుముకుంటుంటే అమ్మాయి పగలబడి నవ్వుతోంది. వెనక కోడలు, దువ్వెన పట్టుకుని. అది పైన పెట్టాం.

ఫోటోలతో పాటు వాళ్లిద్దరి వాట్సాప్ సంభాషణ కొన్ని పేజీలు ప్రింటు తీశారు. చదవకూడదు, చదవలేదు. పేజీలు సర్దుతుంటే కంటబడిన మాట ఒక్కటే: తిన్నావా. తిన్నాను, నువ్వు? ఇక్కడ రాత్రి భోజనానికి అక్కడ పొద్దుటి టిఫిను. తిన్నావా. తిన్నాను. పరీక్ష పేపర్లో అయితే పునరుక్తి అని మార్జిన్లో ఎర్రగీత గీసేవాణ్ని. ఆ కాగితాలు అంచులు కలిపి క్లిప్పు పెట్టి ఇచ్చేశాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పు

అలంకారం: స్వభావోక్తి.

మా తోడల్లుడి మతం వేరు. "ప్రేమ వివాహమని చెప్పమ్మా, వాళ్లకి అదైతేనే అర్థమవుతుంది" అని ఆయన పూర్వపక్షం. దీన్ని ఖండిస్తున్నాను. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాక ముఖ్యమైన విషయంలో అబద్ధం తేలితే, ఆ దేశపు తలుపు జీవితాంతం మూసుకున్నంత పని అవుతుంది. అయినా పెద్దలు కుదిర్చిన పెళ్ళి వాళ్లకి కొత్త కాదు. దొంగ పెళ్ళిళ్ల కోసం వాళ్లు 1986లోనే చట్టం చేశారు. పెళ్ళయి రెండేళ్లు నిండకుండా అడుగుపెట్టిన భార్యకి రెండేళ్ల షరతుల కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు తొంభై రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. ఏడడుగులతో మనం పర్మనెంట్ చేసిన ఉద్యోగానికి వాళ్లు ప్రొబేషన్ పెట్టారు.

అయ్యాక ఫోన్ చెయ్యి

టీక: అయ్యాక = ముగిసిన పిమ్మట.

ఆక్షేపం: ఎలా చేస్తుంది? లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు.

సమాధానం: ఫోన్ నా చేతిలో ఉంది. హైదరాబాదు నానక్‌రాంగూడలో అంత పెద్ద అమెరికా కాన్సులేట్ ఉన్నా, వలస వీసాకి ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్సే గతి. మెడికల్, టీకాలు అన్నీ అక్కడే అయ్యాయి. టీకా అన్న మాటకి రెండో అర్థం మా అమ్మాయి జబ్బ మీద ఉంది. ఇంటర్వ్యూ నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ఫైలు గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్ళింది. నేను రోడ్డవతల గొడుగు కింద. ముంబై ఆషాఢం, గొడుగుకి లొంగే వాన కాదు.

అల్లుడు పది నిమిషాలకోసారి ఫోన్. అక్కడ రాత్రి పన్నెండు.

"వచ్చిందా మావయ్యా?"

"ఇంకా లేదు బాబూ. పడుకో."

"ఇప్పుడు?"

పదకొండుకి వచ్చింది. అడిగినవి మూడే ప్రశ్నలు. ఆయన ఏం చేస్తారు? ఎవరి డేటా అని అడగలేదట. పెళ్ళెప్పుడు? 13 అంది. పంచాంగం జోలికి పోలేదు. మూడోది, తలంబ్రాల ఫోటో చేతిలోకి తీసుకుని, వెనక దువ్వెనతో నిలబడ్డ మనిషిని చూపించి, "ఈవిడెవరు?"

"మా వదిన."

ఆఫీసరు నవ్వి, పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుని, వీసా ఇస్తున్నామని చెప్పిందట. దొండకాయ ఊసే రాలేదు. ఇంటికి ఫోన్ చేసి ఈ ముక్క చెబితే, కోడలు స్పీకర్లో పెట్టించి మూడుసార్లు చెప్పించుకుంది.

గద్య

ఇది తెనాలి వాస్తవ్యుడు, ఎర్రసిరా పండితుడు, వధూజనకుండు రచించిన అల్లుడి సందేశ వ్యాఖ్యానంబునందు సర్వంబును ఏకాశ్వాసము. మూలకర్తకి లిపి రాదు కనక ఈ వ్యాఖ్య ఆయన చదవలేడు. ప్రతి ఒకటి అమ్మాయి పెట్టెలో, ఆవకాయ సీసాకి దూరంగా, చీరల మధ్య పెట్టాను. అక్కడికి చేరాక, తీరిక చూసుకుని, ఆయనకి తనే చదివి వినిపించాలి. దీర్ఘాలు మింగకుండా.