రష్యా కావాలి, రష్యన్ వద్దు

తెలుగువాడికి రష్యా అంటే వల్లమాలిన ప్రేమ. కొడుక్కి లెనిన్ బాబు అని పేరు పెట్టుకున్నాడు. బెజవాడలో ఒక కూడలికి లెనిన్ సెంటరని పేరిచ్చి, విగ్రహం నిలబెట్టాడు. క్రొవ్విడి లింగరాజు గారు గోర్కీ ‘అమ్మ’ను తెలుగు చేస్తే, కన్నతల్లికి ఉత్తరం ముక్క రాయనివాడు కూడా ఆ అమ్మ కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇప్పుడు బైపీసీ చదివిన పిల్లాడికి నీట్‌లో ర్యాంకు రాకపోతే, రెండెకరాలు అమ్మి మరీ అక్కడికే పంపుతున్నాడు. ఇంత ప్రేమలోనూ ఒక్క పని మాత్రం చచ్చినా చేయడు. వాళ్ల భాష నేర్చుకోడు.

నేర్చుకోకపోవడమే గొప్పని చెప్పి అమ్ముకునే వ్యాపారం ఒకటి మన ఊళ్లలో మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. దాని పేరు కన్సల్టెన్సీ. రంగురంగుల కరపత్రంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది యూనివర్సిటీ పేరు కాదు. ‘రష్యన్ రానక్కర్లేదు, పూర్తిగా ఇంగ్లీష్ మీడియం’ అన్న అభయహస్తం. దాని కింద ‘ఆంధ్రా మెస్ కలదు’. తండ్రి కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటాడు. పిల్లాడు ఆరేళ్లు గోంగూర తింటాడు, నరసరావుపేట కుర్రాళ్ల గదిలో ఉంటాడు, రాత్రిళ్లు మహేష్ బాబు సినిమాలు చూస్తాడు. నరసరావుపేటలోనే ఉన్నట్టు లెక్క, చలి ఒక్కటి అదనం.

జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనలు కూడా చదువు 54 నెలలు ఉండాలనీ, పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలనీ, బోధన ఇంగ్లీషులో సాగాలనీ అంటాయి. సంతోషం. ఇంగ్లీషులో పాఠం చెప్పే ప్రొఫెసరు దొరుకుతాడు. కడుపునొప్పిని ఇంగ్లీషులో చెప్పుకునే ముసలమ్మ ఎక్కడ దొరుకుతుంది? మూడో ఏటినుంచి వార్డుల్లోకి వెళ్లాలి. కజాన్‌లోనో వోల్గోగ్రాద్‌లోనో మంచం మీద ఉన్న బాబుష్కా, అంటే అవ్వ, ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో, ఏం తింటే ఎక్కువవుతోందో, కొడుకు చూడటానికి రాక ఎన్నాళ్లయిందో అన్నీ ఏకరువు పెడుతుంది. మన డాక్టరు బాబు అన్నిటికీ తల ఊపుతాడు. ఆమె ‘నొక్కింది చాలు నాయనా, నొప్పి అటు పక్కన’ అన్నా ఊపుతాడు. తిరిగొచ్చాక ఇక్కడి అర్హత పరీక్షలో దెబ్బ తింటే మాత్రం తప్పు ప్రశ్నపత్రానిదే. రోగి చెప్పేది వినకుండా వైద్యం నేర్చుకోవచ్చని వాడికి చెప్పి పంపినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

ఒకప్పుడు ఇలా లేదు. 1960లో మాస్కోలో ప్రజామైత్రి విశ్వవిద్యాలయం పెట్టారు, మరుసటి ఏడు దానికి లుముంబా పేరిచ్చారు. అక్కడికీ, సోవియట్ దేశంలోని మిగతా కాలేజీలకూ వెళ్లిన మన పిల్లలను ముందు ‘పద్‌ఫాక్’లో, అంటే సన్నాహక విభాగంలో, కూర్చోబెట్టేవాళ్లు. ఏడాది పాటు రష్యనే ముఖ్యం, తక్కినవన్నీ దాని వెనకే. ఆ తర్వాత రష్యన్ పిల్లల పక్క బెంచీలో కూర్చుని రష్యన్‌లోనే పరీక్షలు రాయాలి. అలా చదివొచ్చిన పెద్దలు ఇవాళ్టికీ మన మధ్య ఉన్నారు. పుష్కిన్ పేరెత్తితే కాఫీ చల్లారేదాకా వదలరు, అది వేరే సంగతి. ఆ ఏడాదిని ఇప్పటి కన్సల్టెన్సీ భాషలో ‘వేస్ట్ ఇయర్’ అంటారు.

ఇక్కడ కాలేజీలో రష్యన్ తీసుకున్న పిల్లల గతి ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, ఢిల్లీ జేఎన్‌యూలో అయిదు దశాబ్దాలు దాటి రష్యన్ చెబుతున్నారు. ఇంట్లో ఆ మాట చెప్పిన రోజు నుంచి పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘స్కోపేంటమ్మా?’ బాబాయికి చెహోవ్ ఎవరో తెలియదు. తెలిసినా చెహోవ్‌కు ప్యాకేజీ ఎంతని అడుగుతాడు. ఆ పిల్ల ఏదో కంపెనీలో రష్యన్ ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగం తెచ్చుకుని కారు కొన్న రోజున, ‘మా అమ్మాయి భాషల్లో దిట్ట’ అని ఊరంతా చెప్పేదీ ఆ బాబాయే.

రష్యన్ చాలా కష్టమట. ఆరు విభక్తులట. డుమువులు ప్రథమా విభక్తి అని మొదలుపెట్టి ఏడింటినీ ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పిన జాతి ఆరింటికి జడిసిందంటే నేను నమ్మను. ‘నేను విద్యార్థిని’ అనడానికి మనకు క్రియ అక్కర్లేదు, వాళ్లకూ అక్కర్లేదు. ఇంగ్లీషువాడికే అక్కడ ఇంకో మాట కావాలి. నడిచి వెళ్లడానికి ఒక క్రియ, బండెక్కి వెళ్లడానికి మరో క్రియ ఉండటం చిక్కే, ఒప్పుకుంటాను. కానీ కొరుకుడు పడనిది వ్యాకరణం కాదు. కొందరు రష్యన్‌లో చేరేది హాస్టల్ గది కోసం, ఆ గదిలో సివిల్స్‌కు చదువుకోవడం కోసం. వాళ్లు దస్తయేవ్‌స్కీని పరీక్ష ముందు రాత్రి యూట్యూబ్‌లో పావుగంట చూస్తారు. వాళ్ల చేతికందేదీ ఇంగ్లీషు నోట్సే, అందులో రష్యన్ ఉన్నది పాత్రల పేర్లలో మాత్రమే. రస్కోల్నికవ్, రొదియోన్ రొమానొవిచ్, రోద్యా ముగ్గురూ ఒకడేనని డిగ్రీ చేతికొచ్చాక తెలుసుకున్నవాడు రష్యన్ సాహిత్యంలో పట్టభద్రుడు.

పిల్లలనేం లెండి, పెద్దలూ తక్కువవారు కారు. సభల్లో టాల్‌స్టాయ్ గురించి గంటసేపు ఆవేశపడే మహానుభావుల్లో ఎక్కువమంది చదివింది కాన్‌స్టన్స్ గార్నెట్ దొరసాని ఇంగ్లీషునో, దానికి తెలుగునో. చదవడం తప్పు కాదు, ఆ మాటకొస్తే నేనూ అలాగే చదివాను. అయితే ‘మూలంలో ఆ సొగసే వేరు’ అంటారు చూడండి, అక్కడ చిరాకేస్తుంది. వృక్షశాస్త్రం చదివిన ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలకు తెలుగు రాశారు. అలాంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు కారుచౌకగా పంపిన పుస్తకాలు సోవియట్ యూనియన్‌తోపాటే ఆగిపోయాయి. మిగిలినవి పాత పుస్తకాల దుకాణాల్లో అపురూప వస్తువుల ధర పలుకుతున్నాయి. కొన్నవాళ్లు ఆ కాగితం వాసన మీద రెండు పేజీలు రాస్తారు. కథేమిటని అడిగితే ఇవాన్ అని ఒకడుంటాడంటారు.

ఇక అవతలివాళ్ల సంగతి చూడండి. పదిహేనో శతాబ్దంలో త్వేర్ నగరం నుంచి అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు గుర్రాన్ని అమ్ముకోవడానికి బీదరు దాకా వచ్చాడు. పనిలో పనిగా శివరాత్రి తిరనాళ్లకు వెళ్లి, చూసింది చూసినట్టు రాసుకున్నాడు. ఆయన ‘పర్వతం’ అని రాసింది మన శ్రీశైలమేనంటారు. అయిదు వందల ఏళ్ల తర్వాత లెనిన్‌గ్రాద్ విశ్వవిద్యాలయంలో నికిత గూరవ్ రష్యన్ పిల్లలకు తెలుగు చెప్పాడు. ఆయనా, పెత్రునిచెవా, జెనిత్ అనే ఇద్దరు విదుషీమణులూ కలిసి చేసిన తెలుగు–రష్యన్ నిఘంటువు 1972లో మాస్కోలో అచ్చయింది. అక్కడ వాళ్లకు ఆంధ్రా మెస్ లేదు, స్కోపేంటని అడిగే బాబాయి అంతకన్నా లేడు.

భాష రాకపోతే పోయేది ముసలమ్మ కడుపునొప్పి కబురే అయితే ఇంత గొంతు చించుకోను. 2023, 24ల్లో హెల్పర్ ఉద్యోగమని చెప్పి కొందరు ఏజెంట్లు మన దేశం నుంచి యువకులను రష్యాకు తీసుకెళ్లారు. అక్కడ రష్యన్‌లో ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టించారు. అవి సైన్యంలో చేరుతున్నట్టు రాసుకున్న ఒప్పందాలు. అలా వెళ్లి ఉక్రెయిన్ యుద్ధంలో చిక్కుకున్న హైదరాబాద్ యువకుడొకడు చనిపోయాడని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది.

కాబట్టి అయ్యా, ఈసారి పిల్లాణ్ణి విమానం ఎక్కించేముందు మీరు సంతకం పెట్టబోయే కాగితాల్లో రష్యన్‌లో ఉన్నది తీసి, కన్సల్టెన్సీ ఆయన ముందు పెట్టండి. మొదటి పేజీ పైకి చదివి అర్థం చెప్పమనండి. ఆయన మెస్ గురించి మాట్లాడటం మొదలుపెడితే, కట్టిన అడ్వాన్సు వెనక్కి అడగండి.