ఎయిర్ రైఫిల్ కొనేవారికి అనుభవజ్ఞుడి చిట్కాలు

మా తాత కోడెను కొనాలంటే సంతలో సగం పూట నిలబడేవాడు. పళ్లు లెక్కపెట్టేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి గిట్టలు గమనించేవాడు. రైఫిల్‌కి పళ్లూ లేవు, సుడులూ లేవు. అందుకే మా అమ్మాయి షూటర్ గగన్ నారంగ్‌లా ఒలింపిక్స్‌కి వెళ్తానన్నప్పుడు పావుగంటలో బేరం తేల్చేశాను. ఎలాగో చెబుతాను, రాసుకోండి.

దుకాణానికి సాయంత్రం, షట్టర్ సగం దించాక వెళ్లండి. దుకాణదారుకు ఇంటికెళ్లే తొందర, మీకు కొనే తొందర. పైగా మసక వెలుతురులో పాలిష్ భలే మెరుస్తుంది.

కొందరు చాదస్తులుంటారు. లోపల గుండు లేదని రూఢి చేసుకుని, బ్యారెల్ మడిచి, వెలుతురుకు ఎత్తి గొట్టంలోకి చూస్తారు. మెలి తిరిగిన గాడులు చివరిదాకా తేటగా ఉన్నాయా, తుప్పు చుక్కలున్నాయా అని వెతుకుతారు. రైఫిల్‌కి ఆ పేరు ఆ గాడుల వల్లే వచ్చిందట. పేరెలా వచ్చిందో దుకాణంలో మనకెందుకు? మూతి అంచున చిన్న గంటు పడినా గుండు పక్కకు పోతుందని కూడా బెదిరిస్తారు. దాన్ని దిష్టిచుక్క అనుకోండి.

బ్యారెల్ మూశాక పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడమంటారు. కీలు వదులైతే ఒక్కో గుండు ఒక్కో చోట పడుతుందట. నాది ఊగింది. వాడేకొద్దీ బిగుస్తుందన్నాడు దుకాణదారు. కొత్త చెప్పులు వాడేకొద్దీ వదులవుతున్నప్పుడు ఇది బిగవడంలో వింతేముంది? స్క్రూల గాట్లు నలిగి ఉన్నాయి కూడా. అంటే ఎవరో ముందే విప్పి, లోపలంతా శుభ్రం చేసి పెట్టారన్నమాట. సంతోషించాను.

ఇక తప్పక చేయవలసిన పరీక్ష: గుండు పెట్టకుండా పదిసార్లు పేల్చండి. స్ప్రింగు రైఫిల్‌లో గుండు ఉంటే దాని వెనక నొక్కుకున్న గాలి పిస్టన్‌కి మెత్తలా అడ్డుపడుతుంది. లేకపోతే పిస్టన్ నేరుగా వెళ్లి ఢీకొని, సీలు చిట్లుతుంది. అయితేనేం, ఆ చప్పుడు వినసొంపుగా ఉంటుంది. పదిసార్లకీ తట్టుకుంటే మీదే, తట్టుకోకపోతే పక్కది అడగండి. గుండు పెట్టేటప్పుడు మడిచిన బ్యారెల్‌ని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవడం పిరికివాళ్ల పని. పట్టుకోని ధైర్యవంతులు కనిపిస్తే వాళ్ల వేళ్లు మాత్రం లెక్కపెట్టకండి.

సైటు గట్టిగా ఉందా, తిప్పితే తిరిగి అక్కడే నిలుస్తోందా అని చూడటమూ వృథాయే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కి ముందు అభినవ్ బింద్రా సైటు కదిలిపోయింది, అయినా స్వర్ణం ఆయనకే వచ్చింది. ఆయన దాన్ని గమనించి సరిచేసుకున్నాడంటారు. అది వేరే విషయం.

పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి అయిదు గుళ్లు కాల్చి చూస్తానని అడక్కండి, పరువు పోతుంది. లక్ష్యం నడుమ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు. చుక్క కన్నా గుండే తొమ్మిది రెట్లు పెద్దదైనప్పుడు తగలక ఎక్కడికి పోతుంది?

గాలి సిలిండరు బిగించిన పోటీ రైఫిల్ పాతది దొరికితే మహాభాగ్యం. సిలిండరు మీద తేదీ ఉంటుంది, పోటీల నిబంధన ప్రకారం గడువు పదేళ్లకు మించదు. లోపల 200 బార్ల ఒత్తిడి, కారు టైరులో రెండుకు కాస్త పైన. మా ఇంట్లో ఆవకాయకు పదకొండో ఏడు నడుస్తోంది, ఇంతవరకూ పేలలేదు. తేదీ సంగతి మీరే ఆలోచించుకోండి. బరువు మాత్రం చేత్తో తూచి చూడండి. పోటీలో 5.5 కిలోలు దాటకూడదంటారు గానీ, డబ్బిచ్చేది మనం, ఇనుము ఎక్కువొస్తే మంచిదేగా.

20 జౌళ్లలోపు శక్తి, 0.177 అంగుళాల గొట్టం ఉన్న వాటికి లైసెన్సు అక్కర్లేదని 2016 ఆయుధ నియమాలు చెబుతున్నాయి. మీరు కొనేది ఆ లెక్కలో ఉందో లేదో కాగితాల్లో వెతక్కండి, అమ్మేవాడు నొచ్చుకుంటాడు.

మా అమ్మాయి ఇప్పుడు కోచ్ ఇచ్చిన రైఫిల్‌తో సాధన చేస్తోంది. నాది అమ్మకానికి ఉంది. పాలిష్ కొత్తగా వేయించాను. చూడాలనుకుంటే సాయంత్రం, కరెంటు పోయాక రండి.